నిండు కాపీ దాచుకో బిడ్డా

బిడ్డా, ఈ బతుకమ్మకు మన ఆడబిడ్డలు పాడిన పాటలన్నీ నువ్వు ఫోన్లో రికార్డు చేశావని మీ నాయన చెప్పినప్పుడు నా కడుపు నిండింది. మన ఇంట్లో ఈ పనికి పూనుకున్నది నువ్వొక్కదానివే. తర్వాత నువ్వే ఫోన్ చేసి అడిగావు: "పెద్దనాయనా, ఇవి అందరికీ పంపాలి. 128 ఎంపీత్రీలో చేయాలా, 320లో చేయాలా, ఉన్నదున్నట్టు పంపాలా?" ఇలాంటివి ఫోన్లో చెబితే సగం గుర్తుండవు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను, నువ్వూ తీరిగ్గానే చదువు.

నువ్వు అడిగింది ఒక్క ప్రశ్నే గానీ అందులో రెండున్నాయి. దాచుకునే కాపీ ఏది, పంచే కాపీ ఏది? ఈ రెండూ ఒకటే అనుకోబట్టే మన పాటలు ఆగమైపోతున్నాయి. ఎవరో మంచిగా రికార్డు చేస్తారు. ఫోన్ నిండిందని చిన్నగా కుదించి గ్రూపులో పెడతారు, అసలుది చెరిపేస్తారు. గ్రూపులో వచ్చినదాన్ని ఇంకొకరు వీడియోకు అతికించి మళ్లీ పెడతారు. ఏడాది తిరిగేసరికి ఆ పాట ఊరంతా ఉంటుంది గానీ మంచి కాపీ ఒక్కటీ ఉండదు.

మన తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా. ఆ కంది పండించే రైతు విత్తనానికి ఉంచిన గింజలను మర పట్టించడు. పప్పు ఎంత రుచిగా ఉన్నా అది వండుకోవడానికే, మొలకెత్తదు. నీ దగ్గరున్న అసలు రికార్డింగు గింజ, ఎంపీత్రీ పప్పు. పప్పు ఎందరికైనా పంచు, గింజను మాత్రం విడిగా దాచు.

ఇగ లెక్కలకు వద్దాం. లెక్క తెలిస్తే భయం పోతుంది. సీడీలో ఉండే నాణ్యత అంటే సెకనుకు 44,100 సార్లు శబ్దాన్ని కొలిచి, ఒక్కో కొలతను 16 బిట్లలో రాయడం. మనిషి చెవి మంచి వయసులో వినగలిగేది సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు. ఎంత సన్నని శబ్దాన్ని పట్టాలంటే దానికి రెండింతలకు పైగా కొలవాలి కాబట్టి 44,100 సరిపోతుంది. ఫోన్లు ఎక్కువగా 48,000 వాడతాయి, అదీ మంచిదే. రెండు చానెళ్లతో సీడీ నాణ్యత సెకనుకు 1,411 కిలోబిట్లు అవుతుంది, అంటే నిమిషానికి పది ఎంబీ పైచిలుకు. ఆరు నిమిషాల బతుకమ్మ పాట ఏమీ కుదించని వేవ్ ఫైల్‌గా దాదాపు 63 ఎంబీ తింటుంది. అదే పాట 128 కేబీపీఎస్, అంటే సెకనుకు 128 కిలోబిట్ల ఎంపీత్రీలో ఆరు ఎంబీకి లోపే, 320లో పద్నాలుగు ఎంబీ దాకా.

వీటి నడుమ ఫ్లాక్ అని ఒకటుంది, దాన్ని నువ్వు తప్పకుండా నేర్చుకోవాలి. 2001లో వచ్చింది, ఎవరికీ పైసా కట్టనక్కర్లేదు. ఇది శబ్దంలో దేన్నీ పారేయదు, సర్ది పెడుతుంది, అంతే. విప్పితే ప్రతి బిట్టూ అసలులో ఉన్నట్టే తిరిగొస్తుంది. పాటను బట్టి సైజు సుమారు సగానికి, కొన్నిసార్లు ఇంకా తక్కువకు దిగుతుంది. పాట పేరు, పాడినవాళ్లు, ఊరు, తేదీ ఫైలు లోపలే రాసుకోవచ్చు. నీ దాచుడు కాపీ ఫ్లాక్‌లోనే ఉండాలి. దీని మీద నాకు రెండో మాట లేదు.

పంచే కాపీ దగ్గరికి వచ్చేసరికి ఒకే అంకె అన్నిటికీ చెల్లదు. ఎందుకో తెలియాలంటే ఎంపీత్రీ ఏం చేస్తుందో తెలియాలి. జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థలో కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్, ఆయన తోటివారు ఏళ్ల తరబడి దీని మీద పనిచేశారు. 1995లో ఈ ఫైళ్లకు ఎంపీత్రీ అనే పేరు ఖాయమైంది. చెవికి ఒక బలహీనత ఉంది. పెద్ద శబ్దం పక్కనే చిన్న శబ్దం ఉంటే చిన్నది వినపడదు. అలా వినపడనివేవో లెక్కకట్టి వాటిని తగ్గించి రాయడమే ఎంపీత్రీ కిటుకు. పరీక్షకు బ్రాండెన్‌బర్గ్ ఎంచుకున్న వాటిలో సుజాన్ వేగా పాడిన 'టామ్స్ డైనర్' ఒకటి. అందులో వాయిద్యం లేదు, ఒంటరి గొంతే. మొదట్లో ఆ పాట ఎంపీత్రీలో చెడిపోయి వినిపించింది. తప్పు దాక్కోవడానికి పక్కన ఇంకో శబ్దం లేదు మరి. ఆ గొంతు సరిగ్గా వచ్చేదాకా ఆయన ఆ పాటనే మళ్లీ మళ్లీ వింటూ దిద్దుకున్నాడు.

ఈ సంగతి నీకెందుకు చెబుతున్నానంటే, "ఒక్క అవ్వ పాడింది కదా, దీనికేం నాణ్యత" అని చాలామంది ఒంటరి గొంతును బాగా నొక్కేస్తారు. అది అన్యాయం. ఊపిరి తీసుకున్న చప్పుడు, పలుకు చివర విరుపు, వయసుతో వచ్చిన వణుకు, ఇవన్నీ కలిస్తేనే ఆ గొంతు. ఒంటరి గొంతును మోనోలో, అంటే ఒకే చానెల్‌లో చెయ్యి. ఒక్క మైకుతో తీసినదాన్ని రెండు చానెళ్లు చేయడం దండగ. మోనో ఎంపీత్రీకి 96 పెడితే నిమిషానికి ఎంబీలో ముప్పావు కూడా కాదు, గొంతు గొంతులాగే ఉంటుంది.

మన డప్పు, భజన తాళాలు, చిడతలు, గజ్జెలు వేరే కథ. నాకు తెలిసి మన పాటల్లో ఎంపీత్రీకి అన్నిటికన్నా కష్టమైనవి ఇవే. అది శబ్దాన్ని ముక్కలు ముక్కలుగా తీసుకుంటుంది, ఒక్కో ముక్క సుమారు 26 మిల్లీసెకన్లు. అప్పటిదాకా నిశ్శబ్దంగా ఉండి ఉన్నట్టుండి డప్పు మీద పుల్ల పడిందనుకో. నాణ్యత తక్కువైతే ఆ దెబ్బ తాలూకు మురికి ముక్క అంతటా పాకి, దెబ్బకు ముందే బుస్సుమన్నట్టు వినిపిస్తుంది. ఫెళ్లుమనాల్సిన డప్పు బట్ట మీద కొట్టినట్టవుతుంది. తాళాలదీ అదే బాధ. వాటి మోతలో సన్నని శబ్దాలు చాలా ఎక్కువ. బిట్లు చాలకపోతే తగ్గేవి మొదట అవే, మిగిలినవి నీళ్లలోంచి వచ్చినట్టు సుళ్లు తిరుగుతాయి. బతుకమ్మ చప్పట్లూ అంతే. పదిహేను మంది ఒక్కసారి చరిచిన చప్పట్లు 64లో ఇసుక పోసినట్టు ఉంటాయి.

కాబట్టి డప్పు, తాళాలు, చప్పట్లు ఉన్న పాటలకు 192కి తగ్గొద్దు. కుదిరితే మారే బిట్ రేటు పెట్టు, వీబీఆర్ అంటారు దాన్ని. డప్పు పడినచోట ఎక్కువ, గొంతు నిలకడగా సాగినచోట తక్కువ, అదే చూసుకుని ఖర్చు పెడుతుంది. ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో ఇదంతా ఉంది. 320 అవసరమా అంటే, ఫోన్ స్పీకర్లో వినేవాళ్లకు నా ఉద్దేశంలో అవసరం లేదు. కానీ నా మాటే నమ్మకు. మా వయసుకు చెవిలో ముందు తగ్గేది ఆ సన్నని శబ్దాలే, అందుకే తాళాల విషయంలో తీర్పు నీ చెవిదే. ఒకే పాటను 96లో, 128లో, 192లో, ఫ్లాక్‌లో చేసి పెట్టు. ఏది ఏదో నీకు చెప్పకుండా తమ్ముణ్ణి ఒక్కొక్కటే వేయమను. బ్లూటూత్ కూడా శబ్దాన్ని మళ్లీ కుదిస్తుంది కాబట్టి వైరున్న ఇయర్‌ఫోన్లతో విను. ఎక్కడిదాకా నీకు తేడా తెలియలేదో ఆ అంకె నీది. పెద్ద అంకె చూసి మురిసిపోవడం కన్నా ఇది నయం.

ఇంకో మోసం ఉంది, జర జాగ్రత్త. 128 ఫైలును తీసుకుని 320గా మార్చి "హై క్వాలిటీ" అని పేరు పెట్టి పంచేవాళ్లున్నారు. ఒకసారి పారేసింది తిరిగి రాదు. సైజు పెరుగుతుంది, పైగా ఇంకోసారి కుదించడంతో పాట ఇంకొంచెం నలుగుతుంది. దాన్నే ఫ్లాక్‌గా మార్చినా అంతే, చెడిపోయిన పాటను చెక్కుచెదరకుండా దాచినట్టవుతుంది. నువ్వు పంచే ప్రతి కాపీనీ అసలు ఫ్లాక్ నుంచే నేరుగా చెయ్యి. ఎంపీత్రీ నుంచి ఎంపీత్రీ ఎప్పుడూ చేయకు.

ఇంతకన్నా ముందు చూసుకోవాల్సింది రికార్డింగు. బిట్ రేటు గురించి తల బద్దలు కొట్టుకునేవాళ్లు మైకు ఎక్కడ పెట్టారో చూడరు. కొన్ని ఫోన్లలోని రికార్డరు మాటలు పట్టడానికే చేసింది. సెట్టింగుల్లో చూడకపోతే ఏఎంఆర్ అనే పద్ధతిలో పడుతుంది. అది సెకనుకు 8,000 సార్లే కొలుస్తుంది, 4,000 హెర్ట్జ్ పైన ఏమీ మిగలదు. అందులో తాళం మోత ఉండనే ఉండదు. తర్వాత ఏ నాణ్యతలో మార్చినా లేనిది రాదు. అందుకే వేవ్‌లో పట్టే యాప్ పెట్టుకో, 48,000 పెట్టు. డప్పు దగ్గరే ఫోన్ పెడితే శబ్దం నెత్తి తెగి గరగరమంటుంది, దాన్ని ఎవరూ పూర్తిగా బాగు చేయలేరు. నాలుగడుగులు వెనక్కి జరుగు. పాట అందుకునే ఆమె నీకు ఎదురుగా, డప్పు పక్కకు ఉండేట్టు నిలబడు. శబ్దాన్ని తనంతట తానే పెంచి తగ్గించే అమరిక యాప్‌లో ఉంటే తీసెయ్యి. లేకపోతే డప్పు పడ్డప్పుడల్లా గొంతు లోపలికి పోతుంది. గాలి ఉంటే మైకు మీద పల్చని చున్నీ కప్పు. ఈ చిన్న పనులు చేసి తీసిన 128, ఇవేవీ చేయకుండా తీసిన 320 కన్నా ఎంతో బాగుంటుంది.

మేం మీడియం వేవ్ రేడియో విన్నవాళ్లం. హైదరాబాదు ఆకాశవాణి 738 కిలోహెర్ట్జ్ మీద వచ్చేది. ఆ పద్ధతిలో ఐదు వేల హెర్ట్జ్ పైన ఏమీ పెద్దగా దాటదు. అయినా ఆ జానపదాలకు చెవులప్పగించి కూర్చున్నాం. అందుకే తక్కువ నాణ్యతలో పాట విన్న మనిషిని నువ్వు ఎప్పుడూ చిన్నచూపు చూడకు. కొడుకు దగ్గర పాత ఫోన్ ఉందనో, నెట్ ప్యాకు అయిపోయిందనో ఒక తల్లికి పాట అందకపోతే అది నీ లోటు. చిన్న కాపీ చేయడం తక్కువ పని కాదు, మర్యాద. ఓపస్ అనే పద్ధతి 2012లో వచ్చింది. 64లో కూడా ఎంపీత్రీ కన్నా బాగా నిలబడుతుంది. అయితే పాత ఫోన్లు అన్నీ దాన్ని పాడించలేవు. మెమరీ కార్డులో పాటలు ఎక్కించుకుని వినే పెద్దలు మన చుట్టూ ఇంకా ఉన్నారు, వాళ్లకు ఎంపీత్రీనే ఇవ్వు.

వాట్సాప్ సంగతి విడిగా చెప్పాలి. అందులో మైకు బొమ్మ నొక్కి పట్టి పంపే సందేశం మాట కోసం చేసింది. పాటను దాంతో పట్టకు. వీడియోగా పంపితే వాట్సాప్ దాన్ని కుదిస్తుంది. డాక్యుమెంటుగా పంపితే ఫైలు ఉన్నది ఉన్నట్టు చేరుతుంది. 2022 నుంచి 2 జీబీ దాకా పంపనిస్తున్నారు. కుటుంబ గ్రూపులో ఎంపీత్రీ పెట్టు, అడిగినవాళ్లకు ఫ్లాక్ డాక్యుమెంటుగా పంపు. యూట్యూబ్ ఏం పెట్టినా తన పద్ధతిలో మళ్లీ కుదిస్తుంది కాబట్టి దానికి వీడియో చేసేటప్పుడు ఎంపీత్రీ పెట్టకు, నిండు కాపీనే, అంటే ఫ్లాక్‌నే పెట్టు. అప్పుడు కుదింపు ఒక్కసారే జరుగుతుంది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెడితే ఇంకా మేలు. 1996 నుంచి నడుస్తున్న లాభాపేక్ష లేని సంస్థ అది. నువ్వు ఫ్లాక్ ఎక్కిస్తే వినేవాళ్ల కోసం ఎంపీత్రీ తనే తయారు చేస్తుంది, నీ అసలుదీ అక్కడే ఉంటుంది. అలాగని అదొక్కటే దిక్కు అనుకోకు. ఇంట్లో ఒక హార్డ్ డిస్కులో, వేరే ఊళ్లో ఉన్న మీ అక్క దగ్గర ఇంకోదాంట్లో కూడా ఉండాలి.

నవంబరులో మన ధారూర్ మెథడిస్టు జాతర వస్తుంది. కర్ణాటక, మహారాష్ట్రల నుంచి కూడా వచ్చే ఆ జనం మధ్య రాత్రిపూట పాడే క్రైస్తవ కీర్తనలు రికార్డు చేస్తానన్నావు. తప్పకుండా చెయ్యి. అంతమంది ఒక్కచోట చేరితే ఫోన్ నెట్‌వర్క్ మీద బరువు పడుతుంది, అక్కడి నుంచే పెద్ద ఫైళ్లు ఎక్కించాలని చూడకు. బ్యాటరీ, ఖాళీ జాగా చూసుకుని వెళ్లు. నిండుగా పట్టుకుని ఇంటికొచ్చి నిదానంగా పంచు. 48,000లో, స్టీరియోలో వేవ్‌గా పడితే గంటకు సుమారు 690 ఎంబీ అవుతుంది, ఆ లెక్కన ముందే ఫోన్లో చోటు చెయ్యి. అక్కడి పాటలు పెద్ద లౌడ్‌స్పీకర్ల నుంచి వస్తాయి. స్పీకరుకు ఎదురుగా నిలబడకుండా, జనం కలిసి పాడే చోటుకు వెళ్లు. లౌడ్‌స్పీకరు పాట ఎక్కడైనా దొరుకుతుంది, జనం గొంతు ఆ రాత్రికే.

నాకు అన్నిటికన్నా ఆత్రంగా ఉన్నది తండాల గురించి. మన చుట్టూ ఉన్న లంబాడీ తండాల్లో తీజ్ పండుగకు పెళ్లికాని ఆడపిల్లలు తొమ్మిది రోజులు గోధుమ మొలకలు పెంచుతూ పాడే పాటలున్నాయి, పెళ్లిళ్లలో ముసలవ్వలు అందుకునే పాటలున్నాయి. లంబాడీ భాషకు సొంత లిపి లేదు. తరాలుగా ఆ పాట నిలబడింది గొంతులోనే. బిరుదురాజు రామరాజు గారు 1950లలో తెలుగు జానపద గేయాల మీద పరిశోధన చేసి ఉస్మానియాకు సమర్పించబట్టి ఎన్నో పాటల మాటలు మనకు పుస్తకంలో మిగిలాయి. ఆయనకు మనం ఎంతో రుణపడి ఉన్నాం. కానీ అచ్చులో మాట నిలుస్తుంది, బాణీ నిలవదు, గొంతు అసలే నిలవదు. ఆ కాలంలో లేని వసతి ఇప్పుడు నీ చేతిలో ఉంది. ఒక అవ్వ పాట మళ్లీ పాడించుకునే అవకాశం వస్తుందన్న నమ్మకం లేనప్పుడు చోటు మిగలాలని తక్కువలో పట్టడం నాకు మనసొప్పదు. అక్కడ ఒక్క మెట్టు కూడా దిగకు. ఇరవై ఏళ్ల తర్వాత ఇంకా మంచి పద్ధతులు వస్తాయి. అవి పనిచేయాలంటే లోపల శబ్దం ఉండాలి.

మన అటక మీద భజన క్యాసెట్లు ఉన్నాయి చూడు, వాటిని కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడూ ఇదే మాట. శబ్ద భాండాగారాల అంతర్జాతీయ సంఘం ఇలాంటి పాతవాటికి కనీసం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ ఉండాలంటుంది. టేపు సాగుతూ ఉంటుంది, బూజు పడుతుంది, ప్లేయర్లూ దొరకడం కష్టమైంది. ఒకసారి తీసేది నిండుగా తియ్యి. బుస్ శబ్దం తగ్గించాలనిపిస్తే పంచే కాపీలో తగ్గించుకో, దాచే కాపీని ముట్టుకోకు.

పాట పెట్టే ముందు పాడినవాళ్లను అడుగు. ఇది మర్యాదే కాదు, మన కాపీరైట్ చట్టంలో పాడినవారికీ హక్కులున్నాయి. సినిమా పాటలూ, కంపెనీలు అమ్మే రికార్డులూ నువ్వు పంచేవి కావు. ప్రచురించిన రికార్డింగు మీద హక్కు 60 ఏళ్లు ఉంటుంది. ఎవరైనా ఆడబిడ్డ "నా పాట బయట పెట్టొద్దు బిడ్డా" అంటే దాచే కాపీ అయినా ఉంచుకోవచ్చా అని అడుగు. అదీ వద్దంటే ఆమె ఎదుటే చెరిపెయ్యి.

ఒప్పుకున్నవాళ్ల పేరు, ఊరు, తండా, తేదీ, ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఆ మాట, అన్నీ ఫైలులో రాయి. ఆడియో_034 అని వదిలేసిన పాటను రేపు ఎవరూ పోల్చుకోలేరు. పంచడం మొదలుపెట్టినప్పుడు మొదటి కాపీ పాడినామెకే ఇవ్వు. ఆమె ఫోన్లో ఏది పాడుతుందో పక్కన కూర్చుని వేసి చూసి, ఆమె మనవడో మనవరాలో అడిగితే వాళ్ల పెన్‌డ్రైవ్‌లో ఫ్లాక్ కూడా వేసి రా. జాతరకు నేను వచ్చేసరికి ఎవరెవరి ఇళ్లకు చేరిందో నాకు చెప్పు.